అమెరికాలో పోలింగ్ రోజుకు ముందే ఓటు వేయడం ఎలా

అమెరికా పౌరులై, ఓటరుగా నమోదైనవారు నవంబరులో పోలింగ్ జరిగే మంగళవారం దాకా ఆగనక్కరలేకుండా ఓటు వేసే వీలు చాలా రాష్ట్రాలలో ఉంది. అయితే నిబంధనలను రాష్ట్రాలే నిర్ణయిస్తాయి కనుక, పక్క రాష్ట్రంలోని బంధువుల మాట మీద ఆధారపడకుండా, మీ కౌంటీ (మన జిల్లా వంటి విభాగం) ఎన్నికల కార్యాలయం చెప్పే గడువులనే ప్రమాణంగా తీసుకోవాలి. ఒరెగాన్, కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలలో నమోదైన ఓటర్లకు బ్యాలెట్ తపాలాలో దానంతటదే వస్తుంది. టెక్సాస్‌లో మాత్రం వయసు 65 నిండడం, వైకల్యం, కౌంటీలో లేకపోవడం వంటి కారణం చూపి దరఖాస్తు చేసుకోవాలి.

బ్యాలెట్ చేతికందాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. ఓటు గుర్తించిన పత్రాన్ని, లోపలి కవరు ఇచ్చి ఉంటే ముందు అందులో పెట్టి, తరువాత బయటి కవరులో ఉంచి, దానిపై సూచించిన చోట సంతకం చేయాలి. చాలా రాష్ట్రాలు ఈ సంతకాన్ని తమ రికార్డులోని దానితో సరిపోల్చి చూస్తాయి. కాబట్టి ఒకప్పుడు తెలుగులోనూ ఇప్పుడు ఇంగ్లీషులోనూ సంతకం చేసే అలవాటున్నవారు నమోదు నాటి తీరునే పాటించడం మంచిది. కొన్నిచోట్ల సాక్షి సంతకం కూడా అవసరం.

గడువులోగా తపాలా ముద్ర పడితే చాలనే రాష్ట్రాలు కొన్ని, కవరు కార్యాలయానికి చేరితీరాలనేవి మరికొన్ని. ఆలస్యమైతే తపాలాను నమ్ముకోవడం కంటే, అనుమతి ఉన్నచోట డ్రాప్ బాక్సులో, అంటే బ్యాలెట్ కవర్ల కోసం ఎన్నికల అధికారులు ఉంచే పెట్టెలో వేయడమే మేలు. విదేశాల్లో ఉన్న పౌరులు బ్యాలెట్ కోరే దరఖాస్తు అయిన ఫెడరల్ పోస్ట్ కార్డ్ అప్లికేషన్ నింపి పంపాలి. సకాలంలో కోరినవారికి ఫెడరల్ ఎన్నికకు కనీసం 45 రోజుల ముందు బ్యాలెట్ పంపాలని చట్టం చెబుతోంది.