ఆధారం లేనప్పుడు మనసు మాట వినాలా, బుర్ర మాట వినాలా?

భోగాపురంలో ఎయిర్‌పోర్టు కడుతున్నారని ఆ చుట్టుపక్కల ఒక స్థలానికి రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చాను. నా లాజిక్ పక్కా: ఎయిర్‌పోర్టు వస్తే రోడ్లొస్తాయి, రోడ్లొస్తే రేటు పెరుగుతుంది. మా ఆవిడ మాత్రం "ఎందుకో మనసొప్పట్లేదండీ" అంది. ఎందుకో చెప్పమంటే చెప్పలేకపోయింది. తీరా చూస్తే ఆ స్థలం అప్పటికే వేరేవాళ్ల పేరున రిజిస్టరై ఉంది. దాంతో మనసే గెలిచిందని ఆవిడ అంటుంది, నేను ఒప్పుకోను, అలాగని నా బుర్ర గెలిచిందనీ అనలేను కదా.

కాబట్టి ముందు చూసుకోవాల్సింది, ఆధారం నిజంగా లేదా, మనం వెతకలేదా అని. నేను ఒక్క ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే పత్రం) తీయించి ఉంటే సరిపోయేది. 1877లో క్లిఫర్డ్ అనే ఇంగ్లిష్ గణితవేత్త ఒక ఓడ యజమాని కథ చెప్పాడు. ఓడ పాతది, మరమ్మతుకి బోలెడు ఖర్చు, ఇన్నిసార్లు క్షేమంగా వెళ్లొచ్చింది కదా అని తనకు తానే నచ్చజెప్పుకుని జనాన్ని ఎక్కించి పంపేస్తాడు. ఓడ మునిగితే తప్పు వాడిదే, సరే. క్షేమంగా చేరినా తప్పేనంటాడు క్లిఫర్డ్, సరిచూసుకోకుండా నమ్మడమే తప్పు కాబట్టి. ఈ రెండో ముక్క నాకు చాలా రోజులు మింగుడుపడలేదు.

నిజంగానే ఆధారం లేదనుకోండి. మనసుకి ఏదో తోస్తోంది. అప్పుడు ఆ మనసు ఎక్కడ ఆరితేరిందో అడగండి. మా విశాఖపట్నం పెద జాలరిపేటలో తెల్లవారుజామున ఒడ్డున నిలబడి అలల వైపు కాసేపు చూసి "ఇవాళ వద్దులే" అని వల భుజాన వేసుకుని వెనక్కి తిరిగే మనిషి మాట నేను వింటాను, ఎందుకంటే తన అంచనా తప్పో ఒప్పో సముద్రం ఆయనకి రోజూ చెబుతూనే ఉంది. అదే ఊళ్లో "డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డుంది, మనకి తుఫాను రాదు" అనీ అనుకునేవాళ్లం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ సరిగ్గా మన మీదే తీరం దాటింది, ముందుగా హెచ్చరించింది వాతావరణ శాఖవాళ్ల లెక్కలే. మనసుకి తోచినదాన్ని నమ్మొచ్చా అన్న విషయంలో కానెమన్, క్లైన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చెరో పక్షంగా ఉండేవాళ్లు. 2009లో వాళ్లు కలిసి రాసిన వ్యాసంలో తేల్చింది కూడా ఇంచుమించు ఇదే: పరిస్థితుల్లో ఒక క్రమం ఉండాలి, దాన్ని నేర్చుకునేంత అనుభవం ఉండాలి.

ఇక బుర్ర సంగతి. నిప్పు లేనిదే పొగ రాదంటాం. కొండ మీద పొగ చూసి నిప్పుందని తేల్చడం మన నైయాయికుల (పాతకాలపు తర్కశాస్త్ర పండితుల) పాత ఉదాహరణే, దాన్ని వాళ్లు అనుమానం అన్నారు (మనం మనుషుల మీద పడే అనుమానం కాదు లెండి). కానీ చలికాలం పొద్దున్నే సింహాచలం కొండ మీద తెల్లగా కనిపించేది పొగా, మంచా? మంచుని పొగ అనుకుంటే ఆ తర్వాత తర్కం ఎంత బాగున్నా నిప్పు దొరకదు. నా ఎయిర్‌పోర్టు లెక్క అలాంటిదే. అమ్మేవాడిదే ఆ స్థలం అన్న మొదటి మెట్టుని నేను తొక్కి చూడలేదు.

మరి ఆగడానికి వీల్లేకపోతే? విలియం జేమ్స్ అనే అమెరికన్ తత్వవేత్త 1896లో క్లిఫర్డ్‌కి జవాబిస్తూ, ఆధారాలతో తేలని విషయమై, తప్పించుకోలేని ఎంపికై, పెద్ద సంగతైతే మనసు మొగ్గిన వైపు నమ్మవచ్చన్నాడు. తప్పించుకోలేనిది అన్న మాట దగ్గర జాగ్రత్త. "రేపటికి ఉండదు సార్" అని మా బ్రోకరు చేసింది సరిగ్గా ఆ తొందర పుట్టించడమే.

నేను మాత్రం ఇప్పుడు ఒక పని చేస్తున్నా. ఏదైనా తోచినప్పుడు "ఏం చూసి అలా అనిపించింది?" అని కూర్చుని అడుగుతా. మా ఆవిడని అలా అడిగితే రెండ్రోజులకి గుర్తొచ్చింది, లింకు డాక్యుమెంట్ల (ఆ స్థలం అంతకుముందు చేతులు మారిన పాత పత్రాల) ఊసెత్తినప్పుడల్లా ఆ బ్రోకరు మాట మార్చి టీ తాగుదామనేవాడట. మూడుసార్లు తాగాం.