బరంపురం స్టేషన్లో పిల్ల ఒంటరిగా కనిపిస్తే

జాలిపడి ఇంటికి తీసుకెళ్లిపోకండి. ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. 24 గంటల్లోపు పిల్లను బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలి.

హెల్ప్‌లైన్ వాళ్లొచ్చేలోపు ఇడ్లీ పెట్టించి పక్కన కూర్చోండి. ఊరడిగితే బెదిరిపోతారు; ఇంట్లో కోడి ఉందా, బడిలో అన్నంతో ఏం పెడతారు అనడగండి, మాట్లాడతారు. చెప్పింది చెప్పినట్టే కాగితం మీద రాయండి. మా వైపు పిల్లలు తెలుగూ ఒడియా కలిపేస్తారు, భాషని బట్టి ఊరు తేల్చేయకండి. ఫొటోలు వాట్సాప్‌లో పెట్టొద్దు. బిస్కెట్ కొనేవాళ్లకంటే ఫొటోలు తీసేవాళ్లే ఎక్కువ, ఏం చేస్తాం!

"నేను పెంచుకుంటానండి" అని ఎవరో ఒకరు తప్పక వస్తారు. స్టాంపు కాగితం రాసుకుంటే దత్తత అయిపోదు, దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా (CARA) పోర్టల్‌లో నమోదు చేసుకోమనండి. కన్నవాళ్లే కమిటీకి అప్పగించినా, మనసు మార్చుకోవడానికి వాళ్లకు 60 రోజుల గడువుంటుంది.