నేషనల్ ఫారెస్ట్‌కు వెళ్లే ముందు: మ్యాపు, మంట, నీళ్లు, ఎలుగుబంటి

అమెరికాలో నేషనల్ పార్కు వేరు, నేషనల్ ఫారెస్టు వేరు. పార్కులను ఇంటీరియర్ శాఖ కింద ఉండే పార్క్ సర్వీసు నడుపుతుంది. ఫారెస్టులు వ్యవసాయ శాఖ కిందికి వస్తాయి. 1905లో ఏర్పడ్డ ఫారెస్ట్ సర్వీసు వాటిని చూసుకుంటుంది. మొత్తం 154 ఉన్నాయి కాబట్టి చాలా పెద్ద ఊళ్లకు ఒకటి అందుబాటులోనే ఉంటుంది. సియాటిల్ పక్కన మౌంట్ బేకర్-స్నోక్వాల్మీ, లాస్ ఏంజెలెస్‌ను ఆనుకుని ఏంజెలెస్, హ్యూస్టన్‌కు ఉత్తరాన శామ్ హ్యూస్టన్, అట్లాంటాకు ఎగువన చాటహూచీ.

పెద్ద పార్కుల్లో గేటు దగ్గర మ్యాపు చేతికిచ్చి, ఏది మూసేశారో చెప్పి లోపలికి పంపుతారు. ఫారెస్టుకు చాలాచోట్ల గేటే ఉండదు. రోడ్డు పక్కన గోధుమరంగు బోర్డు దాటితే లోపలికి వచ్చేసినట్టే. ఎక్కడ పడుకోవచ్చో, ఎక్కడ మంట వేయకూడదో ఆపి చెప్పేవాళ్లుండరు. ఆ స్వేచ్ఛ కోసమే ఫారెస్టుకు వెళ్లాలి. కానీ పార్కులో వాళ్లు చేసిపెట్టే పని ఇక్కడ మీరే ఇంటి దగ్గర చేసుకుని బయల్దేరాలి.

ముందు రేంజర్ స్టేషన్‌కు ఫోను

ప్రతి ఫారెస్టునూ రేంజర్ డిస్ట్రిక్టులుగా విభజించి ఉంటారు. మీరు వెళ్లే చోటు ఏ డిస్ట్రిక్టులో ఉందో కనుక్కోండి. రూల్సు ఒక ఫారెస్టుకీ ఇంకోదానికీ మారడమే కాదు, ఒకే ఫారెస్టులో కూడా మారతాయి. నార్త్ కరోలినాలోని పిస్గా ఫారెస్టులో చాలాచోట్ల మంట వేసుకోవచ్చు. అందులోనే ఉన్న షైనింగ్ రాక్ వైల్డర్‌నెస్‌లో మాత్రం మంట నిషేధం, రాత్రి ఉండేవాళ్ల దగ్గర బేర్ క్యానిస్టర్ (ఎలుగుబంటి తెరవలేని గట్టి తిండి డబ్బా) ఉండి తీరాలి.

ఫారెస్టు వెబ్‌సైటులో అలర్ట్స్ పేజీ చూశాక డిస్ట్రిక్టు ఆఫీసుకు (రేంజర్ స్టేషన్ అంటే ఇదే) ఫోన్ చేయండి. చాలా ఆఫీసులు వారాంతంలో తెరవరు, అందుకని బుధ, గురువారాల్లోనే చేసేయండి. "అంతా బాగుందా?" అని అడిగితే "బాగుంది" అంటారు, మీకు తెలిసేదేమీ ఉండదు. రోడ్డు నంబరు చెప్పి అడగండి. ఈ రోడ్డు మీద మామూలు కారు పోతుందా? గేటు తీశారా? క్యాంప్‌గ్రౌండ్ కుళాయిలో నీళ్లు వస్తున్నాయా? మంట మీద ఆంక్షలున్నాయా? ఈ మధ్య ఎలుగుబంట్లు వస్తున్నాయా? వెబ్‌సైటులో ఇంకా ఎక్కని సంగతులు ఈ ఫోన్ కాల్‌లోనే తెలుస్తాయి. పశ్చిమ రాష్ట్రాల ఎత్తైన కొండల్లో మంచు వల్ల జూన్ చివరి దాకా, ఒక్కోసారి జులై దాకా రోడ్లు మూసే ఉంటాయి. మే చివర్లో వచ్చే మెమోరియల్ డే సెలవులకు ప్లాన్ వేసేవాళ్లు ముఖ్యంగా అడగాల్సింది ఇదే.

ఏ మ్యాపు నమ్మాలి

ప్రతి ఫారెస్టూ మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ అని ఒకటి ఉచితంగా ఇస్తుంది. నలుపు తెలుపుల్లో, చూడటానికి అంత బాగోదు, కొండల ఎత్తుపల్లాలు కూడా తెలియవు. అయినా బండి విషయంలో చట్టపరంగా చెల్లేది అదే. అందులో లేని రోడ్డు మీద బండి నడపకూడదు, నేల మీద టైర్ల జాడ స్పష్టంగా ఉన్నా సరే. ఏ రోడ్డు ఏ నెలల్లో తెరిచి ఉంటుందో, ఏ రకం బండికి అనుమతి ఉందో పక్కనున్న పట్టికలో ఉంటుంది. రోడ్డు గీతకు పక్కన వరుసగా చుక్కలుంటే క్యాంపింగ్ కోసం బండిని రోడ్డు దించొచ్చని అర్థం. ఎన్ని అడుగుల వరకో కూడా ఆ మ్యాపులోనే రాసి ఉంటుంది. అవెంజా యాప్‌లో దీన్ని ముందే దించుకుంటే సిగ్నల్ లేకపోయినా మీరెక్కడున్నారో చూపిస్తుంది. నడకకు మాత్రం ఎత్తుపల్లాలు చూపించే టోపో మ్యాపు విడిగా ఉండాలి.

రోడ్డు మొదట్లో ఉండే నంబరు బోర్డును జాగ్రత్తగా చూడండి. అంకెలు అడ్డంగా రాసి ఉంటే సాధారణంగా మామూలు కారు పోయే రోడ్డు. సన్నటి గుంజ మీద అంకెలు ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉంటే అది ఎత్తైన బండ్లకే పనికొచ్చే రోడ్డు. ఫోనులోని నావిగేషన్‌కు ఈ తేడా తెలియదు. దగ్గరి దారి అంటూ నిలువు నంబరు రోడ్డులోకి తిప్పేస్తుంది, సెడాన్ అడుగుభాగం బండరాయికి తగిలేదాకా మీకూ తెలియదు. అద్దె కారైతే తారు లేని రోడ్డు మీద నడపొద్దని చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది, సంతకం చేసేముందు చదవండి.

ఫీజు, బస

ఫారెస్టులో చాలా భాగానికి ఫీజు లేదు. టాయిలెట్, పార్కింగ్ లాంటి వసతులున్న ట్రయల్‌హెడ్‌ల (నడకదారి మొదలయ్యే చోట్ల) దగ్గర రోజుకు సుమారు 5 డాలర్లు ఉంటుంది. నేషనల్ పార్కులకు, ఫారెస్టులకు కలిపి ఇచ్చే అమెరికా ది బ్యూటిఫుల్ పాసు ఈ పగటి ఫీజుకు చెల్లుతుంది గానీ క్యాంప్‌గ్రౌండ్ అద్దెకు చెల్లదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

రాత్రి ఉండటానికి రెండు మార్గాలు. మొదటిది టేబులు, మంట గుంట, టాయిలెట్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్. బుకింగ్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో. చాలావాటికి 6 నెలల ముందు తెరుస్తారు, వేసవి వారాంతాలు చూస్తుండగానే అయిపోతాయి. దొరకలేదని వదిలేయకండి, రద్దు చేసుకునేవాళ్లు ఉంటారు కనుక వెళ్లే వారంలో మళ్లీ మళ్లీ చూడండి. ముందొచ్చినవాళ్లకే ఇచ్చే క్యాంప్‌గ్రౌండ్లూ ఉంటాయి, వాటికి గురువారం మధ్యాహ్నానికల్లా చేరుకుంటే చోటు దొరికే అవకాశం ఎక్కువ. ఒక్కో సైటుకు మనుషుల లెక్క, కార్ల లెక్క ఉంటుంది. నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్తుంటే ఒకే సైటులో సర్దుకుందామనుకోవద్దు, గ్రూప్ సైటు తీసుకోండి.

రెండోది డిస్పర్స్‌డ్ క్యాంపింగ్. అంటే క్యాంప్‌గ్రౌండ్ కాని చోట, ఉచితంగా, సాధారణంగా 14 రోజులకు మించకుండా ఉండటం. నీళ్లు, టాయిలెట్, చెత్తకుండీ ఏవీ ఉండవు. అంతకుముందు ఎవరో టెంటు వేసిన గట్టి నేలనే ఎంచుకోండి, వాగుకు కనీసం 200 అడుగులు, అంటే సుమారు 70 పెద్ద అంగలు దూరంగా ఉండండి. టెంటు విప్పేముందు తలెత్తి పైకి చూడండి. ఎండిపోయిన చెట్టు గానీ, విరిగి వేలాడే కొమ్మ గానీ ఉంటే ఆ చోటు వద్దు. పాత కార్చిచ్చులో కాలిన అడవిలోనైతే అసలు టెంటు వేయొద్దు. అక్కడ గాలి లేకపోయినా చెట్లు కూలతాయి, వానపడితే పట్టు లేని మట్టి వరదలా దిగుతుంది.

పేరులో వైల్డర్‌నెస్ అని ఉన్న ప్రాంతాలకు 1964 నాటి చట్టం వర్తిస్తుంది. అక్కడ మోటారు బండ్లే కాదు, సైకిలు కూడా నిషేధం. కొన్నిటికి పర్మిట్ కావాలి. ఇన్యో ఫారెస్టులోని మౌంట్ విట్నీ లాంటి వాటికి లాటరీ ఉంటుంది, దరఖాస్తు ఫిబ్రవరిలోనే చేసుకోవాలి.

మంట

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దీని మీద. పశ్చిమ రాష్ట్రాల్లో ఆంక్షలను స్టేజ్ 1, స్టేజ్ 2 అంటారు. స్టేజ్ 1లో సాధారణంగా క్యాంప్‌గ్రౌండ్‌లో కట్టించిన గుంటలో మాత్రమే కట్టెల మంట వేయొచ్చు. స్టేజ్ 2లో అక్కడా కుదరదు. తిప్పి ఆపేసే వాల్వు ఉన్న గ్యాస్ స్టవ్‌ను రెండు స్టేజీల్లోనూ చాలాచోట్ల అనుమతిస్తారు. అందుకే వంట ప్లాన్ ఎప్పుడూ స్టవ్ మీదే వేసుకోండి, కట్టెల మంట కుదిరితే కుదిరినట్టు. కాలిఫోర్నియాలో క్యాంప్‌గ్రౌండ్ బయట స్టవ్ వెలిగించాలన్నా క్యాంప్‌ఫైర్ పర్మిట్ కావాలి. ఉచితమే, ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు.

ఇంటి నుంచి కట్టెలు తీసుకెళ్లకండి. బెరడు కింద దాగిన పురుగులు కొత్త అడవికి చేరేది అలాగే. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు రాష్ట్రాలు దాటి యాష్ చెట్లను చంపేయడానికి ఈ కట్టెల రవాణా ఒక పెద్ద కారణం. వెళ్లే చోటికి దగ్గర్లోనే కొనండి.

ఆర్పేటప్పుడు నిండు బక్కెట్టు పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి. నీళ్లు పోయండి, బుస్సుమనే శబ్దం ఆగేదాకా. తర్వాత పారతో అడుగు నుంచి కలియబెట్టండి, పెద్ద కట్టెలను తిరగేసి కింది వైపూ తడపండి. మళ్లీ పోయండి, మళ్లీ కలపండి. చివరికి చేతి వెనక భాగం బూడిదకు దగ్గరగా తెచ్చి చూడండి. వేడి తగలకపోతే బూడిదను, గుంట చుట్టూ ఉన్న రాళ్లను ముట్టుకుని చూడండి. ఏ మాత్రం వెచ్చగా ఉన్నా పని పూర్తికానట్టే. మట్టి కప్పేసి వెళ్లిపోవడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. లోపల నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది, వేళ్ల వెంట పాకి మీరు వెళ్లిపోయాక పైకి లేస్తుంది.

నీళ్లు, టాయిలెట్

వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా విరేచనాలు తెప్పించే జియార్డియా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరిగించండి, 6,500 అడుగులకు పైన 3 నిమిషాలు. ఫిల్టరైతే రాత్రి గడ్డకట్టనివ్వకండి. లోపలి సన్నటి గొట్టాలు పగిలిపోతాయి, పైకి ఏమీ తెలియదు. చలిలో దాన్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోండి.

టాయిలెట్ లేని చోట నీటికి, దారికి, టెంటుకు 200 అడుగుల దూరంలో 6 నుంచి 8 అంగుళాల లోతు గుంట తవ్వి, పని అయ్యాక పూడ్చేయండి. వాడిన కాగితాన్ని జిప్ సంచిలో వెనక్కి తెచ్చుకోండి. పూడిస్తే జంతువులు తవ్వి లాగేస్తాయి.

ఎలుగుబంటి

వాసన ఉన్న ప్రతిదీ దాని లెక్కలో తిండే. టూత్‌పేస్టు, సబ్బు, లిప్ బామ్, సన్‌స్క్రీన్, పిల్లల వైప్స్ అన్నీ క్యానిస్టర్‌లోకి వెళ్లాలి. ఇంటి దగ్గరే ఒకసారి సర్ది చూడండి, మొదటి రాత్రి సామానంతా పట్టకపోవడం మామూలే. క్యానిస్టర్‌ను టెంటుకు కనీసం 100 అడుగుల దూరంలో, దొర్లి వాగులో పడని చోట పెట్టండి. తాడు కట్టొద్దు, తాడుంటే ఈడ్చుకుపోవడం దానికి సులువు. మోంటానా, వయోమింగ్ వైపు గ్రిజ్లీలు అనే పెద్ద ఎలుగుబంట్లున్న అడవుల్లో బేర్ స్ప్రే (ఎలుగుబంటి మీదికొస్తే కొట్టే కారపు స్ప్రే) నడుముకు ఉండాలి. బ్యాగులో ఉంటే అవసరానికి చేతికందదు. విమానంలో వెళ్తుంటే బేర్ స్ప్రేను గానీ స్టవ్ గ్యాస్ డబ్బాను గానీ చెకిన్ సామానులోనూ అనుమతించరు, దిగాక కొనుక్కోవాలి.

బయల్దేరే రోజు

ఇన్సివెబ్ వెబ్‌సైటులో ఆ చుట్టుపక్కల కార్చిచ్చులు, ఎయిర్‌నౌ వెబ్‌సైటులో పొగ చూడండి. చివరి ఊళ్లో ట్యాంకు నింపుకోండి, స్పేర్ టైరులో గాలి చూసుకోండి. శరత్కాలంలో వేట సీజను ఉంటుంది కాబట్టి అందరికీ మెరిసే నారింజరంగు టోపీ గానీ చొక్కా గానీ ఉండాలి, వెంట వచ్చే కుక్కకు కూడా.

ఇంటి దగ్గర ఒకరికి కాగితం మీద రాసిచ్చి వెళ్లండి: కారు నంబరు, ట్రయల్‌హెడ్ పేరు, రోడ్డు నంబరు, ఎప్పటికి తిరిగి ఫోన్ చేస్తారు, చేయకపోతే ఎన్ని గంటలకు ఎవరికి చెప్పాలి. చాలా రాష్ట్రాల్లో వెతుకులాట బాధ్యత ఆ కౌంటీ షెరీఫ్‌ది, అందుకని ఫారెస్టు పేరుతో పాటు కౌంటీ పేరు, షెరీఫ్ ఆఫీసు నంబరు కూడా ఆ కాగితం మీదే రాయండి.