రోమన్ మట్టి దీపాలు సేకరించాలనుకుంటే

రోమన్ కాలం నాటి బొమ్మల దీపాలు సేకరించాలనుకునేవాళ్లు ముందు కొనడం పక్కన పెట్టి, చూడటం మొదలుపెట్టండి. బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో వీటి ఫొటోలు బోలెడు ఉన్నాయి, వందలు చూస్తే గానీ కన్ను కుదరదు.

ఎక్కువ భాగం అరచేతిలో ఇమిడేవే, పొడవు 10 సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ. పై సగానికి ఒక అచ్చు, కింది సగానికి ఒకటి, రెండింట్లో మట్టి అదిమి, అతికించి, నూనెకి, వత్తికి రంధ్రాలు పొడిచి కాల్చేవాళ్లు. నడుమ పల్లంగా ఉండే గుండ్రటి చోటే బొమ్మ ఉంటుంది: గ్లాడియేటర్లు, రథాలు, గద్దతో జూపిటర్ దేవుడు, వేటకుక్కలు. నాకైతే కొత్త సంవత్సరం దీపాలంటే ప్రాణం. రెక్కల విక్టరీ దేవత పట్టుకున్న డాలు మీద శుభాకాంక్షలు రాసి ఉంటాయి, చుట్టూ నాణేలు, పళ్లు.

బొమ్మ ఎంత స్పష్టంగా ఉందన్నదే అసలు విషయం. ఒకరి దీపం బాగా అమ్ముడుపోతే ఇంకొకరు ఆ దీపం మీదే అచ్చు తీసి కాపీలు చేసేవాళ్లు, ఆరి కాలేసరికి మట్టి కుంచించుకుపోతుంది కాబట్టి ప్రతి కాపీ కాస్త చిన్నదై, హెల్మెట్ మీది గీతలు, వేళ్లు, కనుబొమలు మాయమైపోతూ వస్తాయి. మసకగా ఉన్నంత మాత్రాన నకిలీ కాదు, అదీ రోమన్ దీపమే కావచ్చు. కానీ పిడి విరిగినా బొమ్మ స్పష్టంగా ఉన్నదాన్నే నేను ఎంచుకుంటాను.

కాలం తెలియాలంటే వత్తి ముక్కు చూడండి. కోణాలు తీరిన ముక్కు, రెండు పక్కలా సుడులు ఉంటే క్రీ.శ. 1వ శతాబ్దం అనుకోవచ్చు. పొట్టి గుండ్రటి ముక్కులు ఆ తర్వాత బాగా పెరిగాయి. అడుగున ఫోర్టిస్ అన్న పేరుంటే అది ఉత్తర ఇటలీలో మొదలైన ముద్ర, దాన్నీ చాలాచోట్ల కాపీ కొట్టారు. ఎర్రటి పూత, క్రైస్తవ గుర్తులు ఉన్నవి చాలావరకు ఇప్పటి ట్యునీషియా వైపు నుంచి, 4-6 శతాబ్దాల నాటివి.

నకిలీలు పాతవాటిలా కనపడాలని పైన మట్టిని జిగురుతో అంటిస్తారు, దూదికి అసిటోన్ తడిపి ఒక మూల రుద్దితే ఊడొస్తుందంటే అనుమానించాల్సిందే. ఖరీదైన వాటికి థర్మోలూమినెసెన్స్ పరీక్ష ఉంది, కొంచెం పొడి తీసి చివరిసారి ఎప్పుడు కాలిందో అంచనా వేస్తారు.

ఇంత చూశాక కూడా కాగితాలు లేకపోతే వదిలేయండి. చాలా దీపాలు సమాధుల్లో పెట్టినవి, దొంగతనంగా తవ్వితే అది ఎవరి పక్కన ఉందో, దానితో పాటు ఏమున్నాయో ఇక ఎప్పటికీ తెలియదు. "పాత కలెక్షన్" అన్న మాట చాలదు, పురాతన వస్తువుల దొంగ రవాణాని ఆపడానికి చేసిన 1970 యునెస్కో ఒప్పందానికి ముందే అది దొరికిన దేశం దాటి బయట ఉందని చూపించే వేలం కేటలాగ్ పేజీ, బిల్లు, తేదీ ఉన్న ఫొటో అడగండి. ఇటలీలో తవ్వకాలు, ఎగుమతుల మీద 1909 నుంచే చట్టం ఉంది. యూరోపియన్ యూనియన్ బయట తయారై, బయటే దొరికిన, 250 ఏళ్లు దాటిన పురావస్తువులు దాని లోపలికి తేవాలంటే, ధర ఎంత తక్కువైనా సరే, 2025 జూన్ 28 నుంచి దిగుమతి లైసెన్స్ కావాలి.

ఇంటికొచ్చాక వెనిగర్‌తో కడగొద్దు, పైపూత పోతుంది. తెల్లటి ఉప్పు పొడి తేలితే కన్జర్వేటర్‌కి (పాత వస్తువులు పాడవకుండా కాపాడే నిపుణులకి) చూపించండి. నూనె పోసి వెలిగించొద్దు, మట్టి పీల్చేసుకుని మరక పడుతుంది. పిడి పట్టుకుని ఎత్తొద్దు, అతుకు దగ్గరే విరుగుతుంది. ఆ కాగితాలన్నీ స్కాన్ చేసి ఆ దీపానికి మీరిచ్చుకున్న నంబర్‌తో పాటు వేరేగా దాచండి, దీపం మీద మాత్రం స్టిక్కర్ అంటించకండి.