శాక్సోఫోన్, ఆర్కెస్ట్రా పీస్ టెంపో, కీ, మూడ్ చెవితో పట్టుకోవడం ఎలా

మొదట్నుంచీ చివరిదాకా ఒకే బీట్ మీద నడిచే పాటైతే టెంపో, కీ చెప్పే యాప్‌లో పెడితే టెంపోకి (వేగానికి) ఒక నంబరు, ఒక కీ (పాట ఆధార స్వరం, స్కేల్) వచ్చేస్తాయి, చాలావరకు కరెక్టే ఉంటాయి. క్లాసికల్ శాక్సోఫోన్ కాన్సెర్టోకి (సోలో వాయిద్యం, ఆర్కెస్ట్రా కలిసి వాయించే పెద్ద పీస్‌కి) మాత్రం అది పనికిరాదు, ఎందుకంటే దాంట్లో టెంపో మారుతుంది, కీ మారుతుంది, మధ్యలో అసలు బీటే ఉండని చోట్లు కూడా వస్తాయి, వీటన్నిటికీ కలిపి యాప్ ఒక్క నంబరు ఇస్తే దాంతో ఏం చేసుకుంటాం? అందుకే పీస్‌ని ముక్కలుగా విడగొట్టి, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ఏం నడుస్తోందో రాసుకోండి.

ఉదాహరణకి రష్యన్ కంపోజర్ గ్లజునోవ్ 1934లో ఆల్టో శాక్సోఫోన్‌కీ స్ట్రింగ్ ఆర్కెస్ట్రాకీ రాసిన కాన్సెర్టో తీసుకుందాం. కీ ఈ-ఫ్లాట్ (E♭) మేజర్, సుమారు 14 నిమిషాలు, ఎక్కడా ఆగకుండా ఒకటే మూవ్‌మెంట్‌గా వెళ్లిపోతుంది. మొదటిసారి ఏమీ లెక్కపెట్టకుండా ఊరికే వినండి, ఎక్కడ నడక మారినట్టు అనిపిస్తే అక్కడ టైమ్ మాత్రం నోట్ చేసుకోండి చాలు. మోడరేట్‌గా మొదలవడం, తర్వాత నెమ్మదించడం, శాక్సోఫోన్ ఒంటరిగా వాయించే కడెంజా, ఆ తర్వాత చురుగ్గా పరిగెత్తే చివరి భాగం, ఇవి మొదటిసారికే తెలిసిపోతాయి.

టెంపో దగ్గర ముఖ్యమైన విషయం, శాక్సోఫోన్‌ని పట్టుకుని తాళం వేయొద్దు. సోలో వాయించేవాళ్లు ఫ్రేజ్ (ఒక సంగీత వాక్యం) కోసం కొంచెం సాగదీస్తారు, కొంచెం ముందుకి తోస్తారు, దీన్నే రుబాటో అంటారు, దాని వెనకాల పడితే లెక్క తప్పుతుంది. చెవిని కింద చెల్లో, డబుల్ బేస్ మీద పెట్టండి. అవి కదిలే చోట 15 సెకన్లు తాళం వేసి 4తో గుణిస్తే బీపీఎం (నిమిషానికి ఎన్ని బీట్లో) వస్తుంది. ఒక్కో ముక్కలో రెండు మూడు చోట్ల చూసి, 84, 88 ఇలా వస్తే "84–88" అనే రాయండి, అదే నిజాయితీ గల సమాధానం. యాప్ చేసే తప్పు ఎక్కువగా సగమో రెట్టింపో చెప్పడం, ఇంకోటి తిస్ర నడకలో (ఒక్కో దెబ్బ మూడుగా విడిపోయే నడకలో) చిన్న నోట్లని బీట్లు అనుకోవడం. గ్లజునోవ్ చివరి భాగం 12/8లో ఉంటుంది, అంటే నాలుగు పెద్ద దెబ్బలు, ఒక్కో దెబ్బలో మూడు చిన్నవి, కాలితో వేయాల్సింది పెద్ద దెబ్బే.

కడెంజా వచ్చినప్పుడు బీపీఎం వెతకొద్దు, "ఫ్రీ" అని రాసేయండి. ఫ్రెంచ్ కంపోజర్ ఇబేర్ 1935లో పూర్తిచేసిన కాన్సెర్టినో ద కామెరాలో రెండో మూవ్‌మెంట్ కూడా అంతే, లార్గెట్టో (నెమ్మదిగా) అని రాసి ఉంటుంది కానీ మొదట్లో శాక్సోఫోన్ తోడు లేకుండా ఒక్కటే పలుకుతుంది, మిగతావాళ్లు చేరేదాకా ఆగి అప్పుడు లెక్కపెట్టాలి.

ఇక కీ. మొదటి నోటుని నమ్మకండి, ముక్క ముగిసే చోట బేస్ ఎక్కడ ఆగిందో దాన్ని గొంతుతో పట్టుకుని కీబోర్డు మీద వెతకండి, అదే షడ్జం. తర్వాత గాంధారం చూడండి, అంతర గాంధారమైతే మేజర్, సాధారణ గాంధారమైతే మైనర్. శంకరాభరణం, కీరవాణి స్వరాలు చెవిలో ఉన్నవాళ్లకి ఇది ఇంకా తేలిక, మేజర్ స్కేల్, హార్మోనిక్ మైనర్ స్వరాలు అవే కదా. కొత్తవాళ్లు ప్రాక్టీస్ చేయడానికి ముసోర్గ్‌స్కీ పియానో పీస్ "పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్"కి రవెల్ 1922లో చేసిన ఆర్కెస్ట్రా రూపంలోని "పాత కోట" అనే భాగం చాలా మంచిది, ఆల్టో శాక్సోఫోన్ పాడుతుంటే కింద జీ షార్ప్ శ్రుతిలాగా దాదాపు మొత్తం మోగుతూనే ఉంటుంది, కీ జీ షార్ప్ మైనర్ అని వెంటనే దొరికిపోతుంది.

నోటేషన్ చూసి కీ చెప్పేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, ఆల్టో ఈ-ఫ్లాట్ వాయిద్యం, దాని పేజీలో సీ అని ఉంటే వినిపించేది ఈ-ఫ్లాట్. అందుకే గ్లజునోవ్ కాన్సెర్టో శాక్సోఫోన్ పార్ట్ సీ మేజర్‌లో మొదలైనట్టు కనిపిస్తుంది, ఆర్కెస్ట్రా స్కోరులో మాత్రం ఈ-ఫ్లాట్. టెనార్ అయితే బీ ఫ్లాట్ వాయిద్యం. ఇంకో చిన్న విషయం, చాలా ఆర్కెస్ట్రాలు "ఏ" (A) అనే నోటుని 440 హెర్ట్జ్ కాకుండా 442, 443 దగ్గర ట్యూన్ చేస్తాయి, ట్యూనర్ ముల్లు కొంచెం పైకి చూపిస్తే కంగారు పడక్కర్లేదు.

మూడ్ గురించి నేను గట్టిగా చెప్పేదేంటంటే, మేజర్ అంటే సంతోషం, మైనర్ అంటే బాధ అని రాసేసి ఊరుకోకండి. గ్లజునోవ్‌ది మేజరే, అయినా అందులో ఒక దిగులు ఉంటుంది, అది ఎక్కడినుంచి వస్తోందో వెతకండి. శాక్సోఫోన్ కింది స్వరాల్లో ఉందా పైకి వెళ్లిందా, వైబ్రాటో (స్వరంలో వణుకు) వెడల్పుగా ఉందా, స్ట్రింగ్స్ పొడుగ్గా సాగుతున్నాయా తుంచి తుంచి వాయిస్తున్నారా, శబ్దం పెరుగుతోందా తగ్గుతోందా, ఇవి చూసి మూడ్ పక్కన కారణం కూడా రాయండి. "దిగులు: నెమ్మది, కింది స్వరాలు, కింద స్ట్రింగ్స్ కదలకుండా నిలబడ్డాయి" అని రాస్తే వేరేవాళ్లు కూడా విని సరిచూసుకోగలరు, ఉత్తగా "దిగులు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

అంతా అయ్యాక అదే పీస్ ఇంకో ఆర్టిస్టు రికార్డింగ్‌లో వినండి. కీ మారదు, టెంపో కచ్చితంగా కొంత మారుతుంది, దాంతోపాటు మూడ్ కూడా. అందుకే మీ నోట్స్ పైన పీస్ పేరు ఒక్కటే కాకుండా ఏ రికార్డింగో కూడా రాసి పెట్టుకోండి.