లొంబార్డ్ సాహిత్యం చదవడం – 4వ పాఠం: ఈ పద్యంలో మాట్లాడుతున్నది ఎవరు?

లొంబార్డ్ అంటే ఉత్తర ఇటలీలో మిలాన్, దాని చుట్టుపక్కల మాట్లాడే భాష. మిలాన్ ఊళ్లో పలికే రూపాన్ని 'మిలాన్ మాట' అంటాను. కిందటిసారి ఆ మాటలో రాసిన కవి కార్లో పోర్తా (1775–1821) పద్యాలు పైకి చదివి రికార్డు చేసి పంపమన్నాను. విన్నాను. సగం మంది మిలాన్ మాటను చక్కటి ఇటాలియన్ లాగా చదివారు! ఈ వారం మొదలుపెట్టాల్సిన నాటకాలు ఆగాలి, ముందు ఇది తేలాలి.

మనకు రాసింది రాసినట్టు చదవడం అలవాటు. ఇక్కడ కొంప ముంచేది అదే. పోర్తా వాడిన రాత పద్ధతి ఆయన పెట్టింది కాదు. 1690ల్లో హాస్యనాటకాలు రాసిన కార్లో మరియా మాజ్జి నాటి నుంచి కుదురుకుంటూ వచ్చింది. అందులో పైన గుర్తు లేని 'ఓ' అక్షరాన్ని చాలాచోట్ల 'ఉ' అనాలి. 'యూ' అక్షరం వస్తే 'ఇ' అంటూ పెదాలు గుండ్రంగా చుట్టాలి. 'ఓ, ఈ, యూ' మూడూ వరసగా వస్తే 'ఎ' అంటూ చుట్టాలి. మాట చివర ఒక్క 'ఎన్' ఉంటే ముక్కుతో సాగదీసి వదిలేయాలి, నకారం వినిపించకూడదు. రెండు 'ఎన్'లు ఉంటేనే నకారం. అందుకే పోర్తా 1816లో రాసిన విలాపకావ్యంలో నాయకుడు 'మర్కియున్', మీరు చదివినట్టు 'మార్కియోనె' కాదు. మిగతావి చాలావరకు ఇటాలియన్ లాగే, మీకు తెలిసినవే.

"అయితే ఇది పాడైపోయిన ఇటాలియనా?" అని అడిగారు కొందరు. ఈ ప్రశ్న వింటే నాకు చిరాకు. మిలాన్‌లో బోన్వెజిన్ దా లా రివా నరకాన్నీ, క్రీస్తు పాట్లనీ, స్వర్గాన్నీ వర్ణిస్తూ 'మూడు రాతల పుస్తకం' రాసింది 1274 ప్రాంతంలో. అప్పటికి ఇటాలియన్ మహాకవి దాంతే ఇంకా పిల్లవాడు, తన కావ్యం రాయనే లేదు. చెడిపోవడానికి ముందు ఒకటి ఉండాలి కదా! 1760లో బ్రాందా అనే మతగురువు టస్కన్ భాషను (ఇటాలియన్‌కు మూలమైనది) పొగుడుతూ మిలాన్ మాటను చులకన చేస్తే మిలాన్ రచయితలు పరీని, తాంజి, బలెస్త్రియేరి ముగ్గురూ ఊరుకోలేదు. ఆ గొడవ తర్వాత బలెస్త్రియేరి ఏకంగా ఇటాలియన్ కవి తాస్సో మహాకావ్యాన్ని మిలాన్ మాటలోకి దించి 1772లో అచ్చువేశాడు.

ఇక అసలు ఉచ్చు. నియమం బాగా ఒంటపట్టినవాళ్లు కనబడిన ప్రతి 'ఓ'నీ 'ఉ' చేసేశారు. దాంతో పోర్తా 1820లో రాసిన 'ప్రార్థన' అనే పద్యం చచ్చిపోయింది. నాకు పోర్తాలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే కాబట్టి కాస్త ఎక్కువే బాధ కలిగింది. మొదటి ఆరు పాదాల్లో మాట్లాడేది కథకుడు: దోన్నా (అంటే 'దొరసాని') ఫాబియా చలిమంట దగ్గర కూర్చుంది, ఎదురుగా ఒక మాజీ ఫ్రాన్సిస్కన్ సన్యాసి, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఇదంతా అచ్చమైన మిలాన్ మాట. రెండో చరణంలో ఆవిడ నోరు విప్పుతుంది. గొప్పింటి మనిషి కదా, మిలాన్ మాటకు ఇటాలియన్ పౌడర్ రాసి మాట్లాడుతుంది. లోకం అంతమైపోతోందని ఆవిడ బెంగ. ఆ ఒక్క చరణంలోనే 'లోకం' ఒకసారి మిలాన్ పద్ధతిలో 'ముంద్', ఇంకోసారి ఇటాలియన్ పద్ధతిలో 'మోందో'. రెండూ ఒకేలా చదివితే పోర్తా వెక్కిరింత ఎక్కడ వినిపిస్తుంది? ఈ ఎత్తు మాజ్జి నాటకంలో దోన్నా క్వింజియా అనే పాత్ర దగ్గరే ఉంది. పోర్తా దాన్ని ఇంకా పదును పెట్టాడు.

నా అడ్డదారి ఒకటి చెబుతాను. మిలాన్ మాటల్లో ఇటాలియన్ మాటల చివరి 'ఓ' సాధారణంగా ఊడిపోతుంది. చివర 'ఓ' ఉన్న మాటలన్నిటి కిందా పెన్సిలుతో గీత పెట్టండి. గీతలు గుంపు కట్టిన చోట ఎవరో దర్జా ఒలకబోస్తున్నట్టే. వ్యాకరణం పుస్తకం తర్వాత తెరవొచ్చు.

అభ్యాసం: 'ప్రార్థన' మొత్తం రెండు గొంతులతో చదవండి, కథకుడిది ఒకటి, దోన్నా ఫాబియాది ఒకటి. తర్వాత ఫ్రాంకో లోయి (1930–2021) కవిత ఏదైనా తీయండి. జెనోవాలో పుట్టి మిలాన్ మాటలో రాసిన ఈయన పాత పద్ధతి వదిలేసి, 'ఉ' పలికే చోట నేరుగా 'యూ' రాశాడు, పెదాలు చుట్టే స్వరాల మీద రెండేసి చుక్కలు పెట్టాడు. పోర్తా మొదటి రెండు చరణాలనీ లోయి పద్ధతిలోకి మార్చి రాయండి. మొదటిది సులువుగానే వస్తుంది. రెండోదాంట్లో ఏ మాట దగ్గర చెయ్యి ఆగిందో, అక్కడ ఏం రాశారో, ఎందుకలా రాశారో నాకు పంపండి.