మన తీరం తుపానుల చరిత్ర, 3వ పాఠం: గాలి ఏ పక్క నుంచి తిరిగింది?

కిందటి రెండు పాఠాల్లో మీ ప్రాంతాన్ని తాకిన తుపానులకు ఒక పట్టిక మొదలుపెట్టాం. అందులో మూడు గళ్ళున్నాయి: తేదీ, తీరం దాటిన చోటు, మృతుల సంఖ్య. చాలామంది అక్కడితో చరిత్ర రాసేశామనుకుంటారు. ఆ మూడు గళ్ళూ నిండినా ఏ ఊరికి ఏం జరిగిందో ఇంకా తెలియదు. ఈ పాఠంలో నాలుగో గడి చేర్చుదాం: మీ ఊరు తుపాను దారికి ఏ పక్కన ఉంది?

1977 నవంబరు 19 తీసుకోండి. శనివారం. పట్టికలో ‘తీరం దాటిన చోటు’ దగ్గర చీరాల అని ఉంటుంది. కానీ జనం నోట అది దివిసీమ ఉప్పెన. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాలు చీరాలకు అరవై కిలోమీటర్ల పైనే దూరం. తుపాను అక్కడ తీరం దాటితే ఇక్కడ ఇంతమంది ఎందుకు పోయారు?

పటం తీయండి. చీరాల దగ్గర వేలు పెట్టి, సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డట్టు ఊహించుకోండి. తుపాను కూడా అలాగే భూమివైపు ముఖం పెట్టి వస్తుంది. ఇప్పుడు మీ కుడిచేతి వైపు ఏమున్నాయి? నిజాంపట్నం అఖాతం, కృష్ణ ముఖద్వారాలు, దివిసీమ. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందుకే దారికి కుడిపక్కన గాలి సముద్రం మీంచి ఒడ్డుకు కొడుతుంది, తుపాను ముందుకు కదిలే వేగం కూడా దానికి తోడవుతుంది. నీళ్లను ఒడ్డుకు తోసేది అదే. ఎడమపక్కన గాలి భూమి మీంచి సముద్రంలోకి వీస్తుంది. అక్కడ సముద్రం వెనక్కి తగ్గడం కూడా ఉంటుంది. పైగా నిజాంపట్నం అఖాతంలో లోతు తక్కువ. అడుగున తిరిగి పోవడానికి దారి లేని నీరు పైకి లేస్తుంది. 1977లో ఆ నీరు దాదాపు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. అధికారిక లెక్కే పదివేల మంది.

అందుకే నా మాట: పట్టికలో తీరం దాటిన ఊరి పేరు చూసి ఆగకండి. కుడివైపు కనీసం ఎనభై కిలోమీటర్ల వరకూ పటం మీద గీత గీసి, ఆ మేరలో ఉన్న ఊళ్లన్నీ రాసుకోండి.

పాత తుపానులకు దారి గీసిన పటాలు ఉండవు, లేదా నమ్మదగ్గవి కావు. అక్కడ పెద్దవాళ్లే ఆధారం. అయితే అడిగే పద్ధతి ఉంది. “తాతా, గాలి ఎంత గట్టిగా వచ్చింది?” అని అడిగితే “అబ్బో, అంతటి గాలి ఎన్నడూ ఎరగం” అంటారు. మనకు దానితో పని జరగదు. “మొదట ఏ గోడ పడింది? చెట్లు ఏ వైపు తల పెట్టి పడ్డాయి? తెల్లారేసరికి గాలి ఎటు నుంచి?” అని అడగండి. రైతుకూ, వేటకెళ్లే మనిషికీ దిక్కులు బాగా గుర్తుంటాయి.

మన తీరానికి వాయవ్యంగా కదిలి వచ్చే తుపానులో, ఊరు కుడిపక్కన ఉంటే గాలి ఈశాన్యంతో మొదలై తూర్పుకు, ఆగ్నేయానికి, ఆఖరికి దక్షిణానికి మారుతుంది. ఎడమపక్కన ఉంటే ఈశాన్యం నుంచి ఉత్తరానికి, వాయవ్యానికి, తర్వాత పడమటికి మారుతుంది. ఊరు సరిగ్గా దారి మీదే ఉంటే ఒక గాలి హోరెత్తి, చప్పున ఆగి, కాసేపు ప్రశాంతం. ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే గాలి. ఆ ప్రశాంతం తుపాను కన్ను. అప్పుడు ‘ఆగిపోయింది’ అని బయటికొచ్చినవాళ్ల సంగతి కూడా అడిగి రాసుకోండి. ఒకే ఊళ్లో ముగ్గురిని విడివిడిగా అడిగితే, గాలి మారిన వరుస ముగ్గురూ ఒకేలా చెబితే, ఆ తుపాను దారి మీకు దొరికినట్టే.

రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల్లోనూ ఇదే లెక్క దాగుంది. ఎనిమిది, తొమ్మిది, పది అంటే వరుసగా ప్రమాదం పెరిగిందని చాలామంది అనుకుంటారు. మూడూ మహా ప్రమాద హెచ్చరికలే. ఎనిమిదో నంబరంటే తుపాను రేవును తన ఎడమకు పెట్టుకుని పోతుందని, తొమ్మిదంటే కుడికి పెట్టుకుని పోతుందని, పదంటే రేవు మీదుగానో దగ్గరగానో పోతుందని. పాత పత్రికలో ఈ నంబరు కనిపిస్తే తప్పకుండా ఎక్కించుకోండి.

ఇక మృతుల సంఖ్య. దాన్ని చూసి తుపాను బలం కొలవకండి. 1990 మే 9న కృష్ణ ముఖద్వారం దగ్గర దాటిన తుపాను 1977 నాటిదానికి ఏమీ తీసిపోదు; చనిపోయినవారు వెయ్యికి లోపు. మధ్యలో తుపాను రక్షణ భవనాలు వచ్చాయి, ముందే లక్షమందికి పైగా జనాన్ని తరలించారు. 1996 నవంబరు 6న కోనసీమలో మళ్లీ వెయ్యి దాటారు. ఆ లెక్కలో గల్లంతైనవారిని కలిపారో లేదో విడిగా రాయండి. సముద్రంలో వేటకెళ్లి తిరిగి రానివారు చాలామంది. 1864 నవంబరు 1న మచిలీపట్నం ఉప్పెనకు ముప్పైవేల మంది అంటారు. 1839లో కోరంగికి మూడు లక్షలని చాలాచోట్ల రాస్తారు. ఒక రేవు, దాని చుట్టుపక్కల పల్లెల్లో అంత జనం ఎక్కడిది? అది నేను నమ్మను, మీరూ ప్రశ్నార్థకం పెట్టకుండా ఎక్కించకండి. పోయినవాళ్లను పెంచి చెప్పినా, తగ్గించి చెప్పినా వాళ్లకు అన్యాయమే.

అన్ని తుపానులూ నీళ్లతో చంపవు. 2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్ ఊడ్చింది గాలితో. కాబట్టి పట్టికలో చివరి గడి: ఉప్పెనా, గాలా, వానా? ఒకటికి మించి ఉంటే ఎక్కువ నష్టం చేసినదాని కింద గీత గీయండి.

అభ్యాసం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందు తీరం పొడవునా, దాదాపు సమాంతరంగా, దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచింది. చెన్నై, నెల్లూరు దాని దారికి ఏ పక్కన ఉన్నాయో పటం మీద గుర్తించండి. అక్కడ గాలి ఏ దిక్కుల గుండా మారి ఉండాలి? చెన్నైని ముంచినది పై మూడింటిలో ఏది? జవాబులు రాసి పెట్టుకోండి. నాలుగో పాఠం వాటితోనే మొదలవుతుంది, అక్కడి నుంచి కృష్ణ, గోదావరి వరదల్లోకి వెళ్దాం.